ఏనుగు తొండం ఎవరు ఎత్తాలి?

రాత్రి పదిన్నరకి మా కాలనీ వినాయక చవితి సెట్టింగులో ఐరావతం తొండం తనంతట తానే లేచింది. జనాన్ని ఇంకా లోపలికి వదల్లేదు, అదొక్కటే అదృష్టం. మూడు మీటర్ల ఇనప తొండం, మీద ఫోము, దాని మీద తెల్లగుడ్డ. మొన ఒక్క ఊపున నాలుగడుగులు ఎగిరి పైనున్న వెదురు దడికి కొట్టుకుంది. రెండు ట్యూబులైట్లు, ఒక బంతిపూల దండ, ఎవరో ఆరేసుకున్న తువ్వాలు కింద పడ్డాయి. జాయ్‌స్టిక్ స్టూలు మీద ఉంది. నేను పదడుగుల దూరంలో నిలబడి టీ తాగుతున్నాను.

తప్పు నాదే. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతేంటంటే నా ఉద్యోగమే ఇది. పద్దెనిమిదేళ్ళుగా హైడ్రాలిక్ ప్రెస్సులకి, అంటే ఆయిలు ఒత్తిడితో నడిచే యంత్రాలకి, కంట్రోల్ ప్యానెళ్ళు బిగిస్తున్నాను. ఫ్యాక్టరీలో అయితే ఎమర్జెన్సీ స్టాపు, సేఫ్టీ రిలే, రెండు చేతులూ పెడితే తప్ప పనిచేయని బటన్లు లేకుండా మెషిన్‌కి కరెంటు కూడా ఇవ్వను. ఇక్కడ మాత్రం "బొమ్మే కదా" అనుకున్నాను. ఆన్‌లైన్లో కొన్న చిన్న ఆర్డుయినో బోర్డు (అరచేతిలో పట్టే కంప్యూటరనుకోండి), ఒక రిలే కార్డు (అది చెప్పినట్టు కరెంటు వేసి తీసే స్విచ్చు) తెచ్చి, తొండాన్ని లేపే ఆయిలు వాల్వుకి నేరుగా తగిలించాను.

ఆ రిలే కార్డులో ఒక మెలిక ఉంటుంది. బోర్డు నుంచి దానికి సిగ్నలిచ్చే పిన్నులో వోల్టేజి ఉంటే రిలే ఆఫ్, లేకపోతే ఆన్. నేను రాసిన ప్రోగ్రాములో మొదటి లైను ఆ పిన్నుని ఔట్‌పుట్‌గా ప్రకటిస్తుంది. చివరి లైను దానికి వోల్టేజి ఇస్తుంది. ఈ రెండిటి మధ్యలో జాయ్‌స్టిక్ నడిమధ్య ఎక్కడుందో కొలిచే పని పెట్టాను. దానికి అర సెకను పడుతుంది. అంటే బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ అర సెకను పాటు రిలే ఆన్‌లో ఉంటుంది. తొండానికి ఉన్నది ఒకటే వాల్వు. కరెంటిస్తే లేస్తుంది, తీసేస్తే తన బరువుకి తనే దిగుతుంది. బెంచీ మీద టెస్టు చేసినప్పుడు ఆ "టక్" శబ్దం నేను విన్నాను కూడా. వాల్వు తగిలించాక ఆ టక్ నాలుగడుగులైంది. ఆ రాత్రి ఎవరో పొగ బ్లోయర్ ఆపారు. దాని కాంటాక్టర్, అంటే పెద్ద కరెంటు స్విచ్చు, పడగానే లైన్లో వచ్చిన కుదుపుకి బోర్డు రీసెట్ అయింది. మిగతాది చెప్పాను కదా.

ఆ రెండు లైన్లూ అటూ ఇటూ మార్చడానికి ఒక నిమిషం పట్టింది. ఎందుకు పెట్టాను ఈ కంప్యూటర్‌ని అనే ప్రశ్న మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

అంతకుముందు ఏడాది వరకూ తొండం నడిపింది మా బాబాయ్. సొంత బాబాయ్ కాదు, కాలనీ అంతటికీ బాబాయ్. పాత ట్రాక్టర్ నుంచి పీకిన లివర్ వాల్వు ఒకటి, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీ. ఏనుగు వెనక గుడ్డకి చిన్న కంత. అందులోంచి జనాన్ని చూస్తూ లివర్ లాగేవాడు. ఆయన లాగే తీరు మీకు చెప్పాలి. క్యూలో ఓ పిల్ల వాళ్ళ నాన్న భుజం మీద కూర్చుని వస్తోందనుకోండి. తొండం కదలదు. పిల్ల చెవుల్ని చూస్తుంది, దంతాల్ని చూస్తుంది, ఇది ఉత్త బొమ్మేలే అని తల తిప్పుకుంటుంది. సరిగ్గా అప్పుడు తొండం బెత్తెడు లేస్తుంది. పిల్ల గబుక్కున వెనక్కి చూస్తుంది. తొండం ఆగిపోయి ఉంటుంది. మళ్ళీ తల తిప్పుకుంటే మళ్ళీ బెత్తెడు. ఇలా మూడుసార్లయ్యాక ఆ పిల్ల పెట్టే కేకకి క్యూ అంతా ఆగిపోయేది.

ఆయనకి మోకాళ్ళ నొప్పులొచ్చాయి, రోజూ ఆరు గంటలు కూర్చోలేనన్నాడు. నేను ఉత్సాహంగా ముందుకొచ్చి, ఆయన చేత జాయ్‌స్టిక్‌తో ఓ నలభై సెకన్లు తొండం ఆడించి, దాన్ని రికార్డు చేసి, తిప్పి తిప్పి ప్లే అయ్యేలా పెట్టాను. రాత్రి ఠారెత్తించిన ఆ తొండం మర్నాటి నుంచి బుద్ధిగా ఆడింది. మొదటి రోజు జనం ఫోన్లు తీశారు. మూడో రోజుకి దాని ముందు ఎవరూ ఆగలేదు. మూడు రోజులకి ఏదైనా పాతబడుతుందని మా తమ్ముడి వాదన. కావచ్చు. కానీ లివర్ ఉన్న ఏడాది తొమ్మిదో రోజు కూడా పిల్లలు అక్కడి నుంచి కదల్లేదు. కదలికలన్నీ బాబాయ్‌వే, మిల్లీమీటరు తేడా లేదు. మరి పోయిందేమిటి?

పెద్ద యంత్రాల్ని ప్రదర్శనకి పెట్టేవాళ్ళు యాభై అరవై ఏళ్ళుగా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నారు. నాకు ఆలస్యంగా తెలిసింది, అంతే.

అమెరికాలో సర్వైవల్ రిసెర్చ్ లేబొరేటరీస్ అని ఒక బృందం ఉంది. పేరు చూసి ప్రయోగశాల అనుకునేరు. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ పాలీన్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలు, సైన్యం పారేసిన సామాను తెచ్చి రాక్షస యంత్రాలు చేస్తారు. పార్కింగ్ స్థలాల్లోనూ ఖాళీ జాగాల్లోనూ వాటిని ఒకదాని మీదకి ఒకటి వదులుతారు. నిప్పులు కక్కేది ఒకటి, చక్రాల మధ్యనుంచి చెక్క దూలాల్ని బంతుల్లా విసిరేది ఇంకొకటి, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వీ-1 బాంబుకి వాడిన రకం పల్స్‌జెట్ ఇంజన్‌తో చెవులు చిల్లులు పడేలా అరిచేది మరొకటి. నటులుండరు, యంత్రాలే నటులు. 1982లో ఒక రాకెట్ మోటారు చేతిలో పేలి పాలీన్ కుడిచేతి వేళ్ళు పోయాయి. కాలి వేళ్ళు తీసి చేతికి అతికించారు. ఆయన ఆ తర్వాత కూడా ఈ పని మానలేదు. ఆ బృందం ఇప్పటికీ ఉంది.

వాళ్ళ ప్రదర్శనల వీడియోలన్నీ నాకు నచ్చాయని చెప్పను. అరగంట మంటలు చూశాక నాకు విసుగొస్తుంది. కానీ వాటిల్లో నా కన్ను ఎప్పుడూ యంత్రాల మీద కంటే వాటికి కాస్త దూరంగా, మెడలో రేడియో పెట్టె వేలాడదీసుకుని నిలబడ్డ మనుషుల మీదకి పోతుంది. బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్ళ దగ్గరుండే రకం పెట్టెలు. ఆ యంత్రాల్లో ఎలక్ట్రానిక్స్ బోలెడు ఉంది. అయినా ఎప్పుడు దాడి చేయాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అనేది ఆ బొటనవేళ్ళ కిందే ఉంటుంది. 1980ల్లో వాళ్ళు ఒక విచిత్రమైన పని చేశారు. నాలుగు కాళ్ళ మీద నడిచే యంత్రాన్ని ఒక గినీ పిగ్ కదలికలకి తగిలించారు. అది ఎటు కదిలితే యంత్రం అటు. ఎలుకంత జంతువు ఇనప కాళ్ళని నడిపిస్తుంటే నవ్వాలో భయపడాలో తెలియదు. కానీ చూడండి, అక్కడ కూడా తీగకి అవతలి కొసన ప్రాణం ఉన్నదే ఒకటుంది.

1990ల్లో ఇంటర్నెట్ వచ్చాక వాళ్ళు ఆ తీగని ఇంకా పొడవు చేశారు. ఎక్కడో దూరంగా తెర ముందు కూర్చున్నవాళ్ళ చేత ఇక్కడి యంత్రాన్ని గురిపెట్టించి పేల్పించారు. ఆలోచనగా గొప్పదే, ఒప్పుకుంటాను. మీట నొక్కేవాడికి దెబ్బ తగిలే చోటి పట్ల ఎంత బాధ్యత ఉంటుందని అడగడమే వాళ్ళ ఉద్దేశమైతే, అది ఇవాళ్టి డ్రోన్ల కాలంలో ఇంకా గుచ్చుకునే ప్రశ్న. కానీ కంట్రోల్ పని చేసేవాడిగా నాకు ఒళ్ళు జలదరించింది. చెయ్యి ఇక్కడ, కన్ను రెండు సెకన్లు ఆలస్యంగా ఇంకెక్కడో ఉంటే మనిషి చేసే పని ఒకటే. ముందు ఎక్కువ తిప్పుతాడు, తర్వాత కంగారుపడి వెనక్కి ఇంకా ఎక్కువ తిప్పుతాడు. ఫ్యాక్టరీలో సెన్సార్ సిగ్నల్ కాస్త ఆలస్యమైతే మంచి సిలిండర్ కూడా ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెడుతుంది. అదీ ఇదీ ఒకటే జబ్బు.

ఈ బరువుల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా భయం మీకు అర్థం కాదు. లోపలి వ్యాసం 100 మి.మీ. ఉన్న సిలిండర్, అంటే ఓ పెద్ద గ్లాసు మూతంత. దానికి 200 బార్ ప్రెషర్ (ఒక బార్ అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ఇస్తే దాదాపు 16 టన్నుల బలంతో తోస్తుంది. దానికి అడ్డం ఇటుకుందో ఇనుముందో చెయ్యుందో తెలియదు. రెండొందల రూపాయల బోర్డులో ఒక తప్పు లైను ఆ 16 టన్నులకి ఆజ్ఞ ఇవ్వగలదు. బల్ల మీద ఆడుకునే రోబో తప్పుచేస్తే కప్పు పగులుతుంది. పెద్ద యంత్రం విషయంలో కంప్యూటర్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఏం చేయించగలం అన్నది కాదు, ఎలా ఆపగలం అన్నది.

నాలుగేళ్ళ కిందట ఆఫీసు పని మీద ఫ్రాన్స్ వెళ్ళినప్పుడు ఒక ఆదివారం ఖాళీ దొరికితే నాంత్ ఊరికి రైలెక్కాను. అక్కడి ఏనుగు గురించి చదివి చదివి ఉన్నాను మరి. ఒకప్పుడు ఓడలు కట్టిన స్థలంలో, 2007 నుంచి, 12 మీటర్ల ఎత్తు ఏనుగు తిరుగుతోంది. 48 టన్నులు. వీపు మీదా కడుపులోనూ కలిపి యాభై మంది దాకా ఎక్కుతారు. చెక్క ఒళ్ళు, తోలు చెవులు. ఫ్రాన్స్వా దెలరోజియేర్, పియెర్ ఒరెఫీస్ అనే ఇద్దరి కల్పన అది. నేను వెళ్ళేసరికి షెడ్డులోంచి బయటికొస్తోంది. ముందు నేను చూసింది దాని కాళ్ళని. బరువు కాళ్ళ మీద లేదు, కింద చక్రాలున్న బండి మీద ఉంది. కాళ్ళు నడుస్తున్నట్టు లేచి దిగుతాయంతే. దాచే ప్రయత్నమేమీ లేదు. సిలిండర్లూ గొట్టాలూ అన్నీ కనపడుతూనే ఉన్నాయి, ముందు క్యాబిన్‌లో డ్రైవరు కూడా.

మోసం ఇంత బాహాటంగా ఉంటే ఎవరు నమ్ముతారు అనుకున్నాను. ఇంతలో తొండం నా ఎడమ పక్కనున్న కుర్రాడి మీదకి వంగింది. ఆగింది. కుర్రాడు రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకున్నాడు. తొండం ఇంకా ఆగింది. వాడు "ఇంక కొట్టదులే" అని చేతులు దించగానే నీళ్ళు చిమ్మింది. నాకు మా బాబాయ్ గుర్తొచ్చి నవ్వాగలేదు. ఆ యంత్రంలో కంప్యూటర్లు లేవని కాదు. అన్ని సిలిండర్లు కుదుపు లేకుండా కలిసి కదలాలంటే మనిషి ఒక్కొక్క వాల్వు తిప్పుతూ కూర్చోలేడు. కానీ నీళ్ళు ఎప్పుడు అనేది ఆ కుర్రాణ్ణి చూస్తున్న మనిషిదే. దెలరోజియేర్ బృందం 2008లో లివర్‌పూల్ వీధుల్లో నడిపిన 37 టన్నుల సాలీడుకీ అంతే, దాని మీదే పట్టీలతో కట్టుకుని పన్నెండు మంది కూర్చున్నారు.

మన దగ్గర సురభి నాటకం చూసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. గాల్లో బాణాలు రెండూ ఢీకొని మెరుపు పుట్టాలంటే తీగ అవతల ఉన్నవాడు పద్యం ఎక్కడిదాకా వచ్చిందో వింటూ ఉండాలి. నటుడు ఆ రోజు రాగం ఒక గుక్క ఎక్కువ సాగదీస్తే బాణం కూడా ఆ గుక్క ఆగాలి.

సరే, కంప్యూటర్‌కి కదలికలు అప్పజెప్పొద్దు, మనిషే నడపాలి అని ఇక్కడితో ముగిస్తే నా వాదనకి సుఖంగా ఉంటుంది. కానీ సెన్‌స్టర్ అడ్డం వస్తుంది.

పోలండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఎడ్వర్డ్ ఇహ్నాటోవిచ్ అనే శిల్పి ఉండేవాడు. ఫిలిప్స్ కంపెనీ కోసం ఆయన చేసిన సెన్‌స్టర్‌ని 1970లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో, ఎవొలువాన్ అనే ప్రదర్శనశాలలో పెట్టారు. పదిహేనడుగుల ఇనప గొట్టాల జంతువు. కీళ్ళు లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్య డెక్కని చూసి గీసుకున్నవి. కదిలించేది హైడ్రాలిక్స్, నడిపేది ఫిలిప్స్ కంప్యూటర్. కంప్యూటర్ నడిపిన మొట్టమొదటి రోబో శిల్పాల్లో అదొకటి. తలలో నాలుగు మైకులు, మనుషుల కదలిక పసిగట్టే రాడార్లు. మెల్లగా మాట్లాడితే తల అటు వంచేది. అరిచినా, గబగబా చేతులూపినా భయపడ్డట్టు వెనక్కి పోయేది. దాని దగ్గర లివర్ పట్టుకున్న బాబాయ్ ఎవరూ లేడు. అయినా జనం గుంపులు కట్టి దానితో మాట్లాడారు.

ఇందులో నాకు నచ్చిన విషయాలు రెండు. ఒకటి వృత్తిపరమైనది. కంప్యూటర్ ఇచ్చిన ఆజ్ఞని నేరుగా వాల్వుకి పంపితే యంత్రం మెషిన్‌లాగే కుదుపుతో కదులుతుంది. ఇహ్నాటోవిచ్ మధ్యలో ఒక సర్క్యూట్ పెట్టి, వేగం నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గేలా చేశాడు. జంతువు తల తిప్పే తీరు అందులోంచి వచ్చింది. ఇప్పుడు మేం దాన్ని ర్యాంప్ అని పిలిచి, ఒక మెనూలో సెకన్లు టైపు చేసి మర్చిపోతాం. రెండోది ఆయన నిజాయితీ. జనం దాని ప్రవర్తన చూసి లోపల ఏదో పెద్ద బుర్ర ఉందనుకున్నారు. ప్రోగ్రాం నిజానికి చాలా సాదా అని ఆయనే చెప్పాడు. ఆ హాల్లో శబ్దాలు ప్రతిధ్వనించే తీరు, జనం ఎప్పుడేం చేస్తారో తెలియకపోవడం, ఈ రెండే దాన్ని తెలివైనదిగా చూపించాయట. అంటే సెన్‌స్టర్‌కి కూడా బాబాయ్ ఉన్నాడు. ఎదురుగా నిలబడ్డ జనమే.

1974లో దాన్ని విప్పేశారు. అస్థిపంజరం నెదర్లాండ్స్‌లోనే ఆరుబయట చాలా ఏళ్ళు పడుంది. 2017లో పోలండ్‌లో క్రాకో నగరంలోని ఏజీహెచ్ యూనివర్సిటీ వాళ్ళు కొని, మళ్ళీ కదిలేలా చేశారు.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మీ వాట్సాప్‌కి కూడా వచ్చే ఉంటుంది. గాజుగదిలాంటి దాంట్లో ఒక పెద్ద రోబో చెయ్యి, నేల మీద రక్తంలాంటి ద్రవాన్ని అదే పనిగా తనవైపు ఊడ్చుకుంటూ ఉంటుంది. చైనా కళాకారులు సున్ యువాన్, పెంగ్ యు 2016లో న్యూయార్క్ గగెన్‌హైమ్ మ్యూజియం కోసం చేశారు. ఆ వీడియో కింద ఒక కథ తిరుగుతోంది. అది రోబోని బతికించే హైడ్రాలిక్ ఆయిలనీ, కారిపోతున్న దాన్ని కూడగట్టుకుంటూ రోబో చివరికి చచ్చిపోయిందనీ. మా పెద్దమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ నాకు ఫార్వర్డ్ చేసింది. హైడ్రాలిక్స్ వాణ్ణి కదా, ఊరుకోలేకపోయాను. "పెద్దమ్మా, అది కూకా కంపెనీ చెయ్యి, కరెంటు మోటార్లతో నడుస్తుంది. దానికి ఆయిలు అక్కర్లేదు. అది చిక్కగా కలిపిన రంగు నీళ్ళు" అన్నాను. "నీకు మనసు లేదురా" అంది.

పెద్దమ్మ మాట పక్కనబెట్టినా, ఆ చెయ్యి నా వాదనకి సాయం చేస్తుందని అనుకుంటున్నాను. దానికి 32 రకాల కదలికలు ముందే నేర్పారు. మధ్యలో ఒళ్ళు విరుచుకుంటుంది, తల ఊపుతుంది. అవి మా తొండం రికార్డింగు లాంటివే. కానీ వాటిలో ఏది ఎప్పుడు చేయాలనేది ద్రవం ఎటు పారుతోందో కెమెరాతో చూసి నిర్ణయించుకుంటుంది. ద్రవం ఏ రెండుసార్లూ ఒకే దారిన పారదు. ఆ తడబాటు చూసే మనం దానికి అలసటా నిస్సహాయతా అంటగట్టాం.

మా తొండంలో పోయింది అదేనని నాకు అనిపిస్తోంది. రికార్డింగులో కదలికలు భద్రంగా ఉన్నాయి, ఎదుటివాణ్ణి చూడటం లేదు. పిల్ల తల తిప్పుకుందో లేదో దానికి తెలియదు. లివర్ పట్టుకున్న మనిషైనా, మైకుతో వినే ప్రోగ్రామైనా, ఎదుట జరిగేదానికి లొంగినంతసేపే పెద్ద యంత్రం ప్రదర్శన అవుతుంది. ఆ తర్వాత అది ఎగ్జిబిషన్లో జెయింట్ వీలు. జెయింట్ వీల్ అంటే నాకు చిన్నచూపు లేదు, టికెట్టు కొని ఎక్కుతాను. కానీ దాని ముందు నిలబడి ఎవరూ ఊపిరి బిగబట్టరు.

కాబట్టి మరుసటి ఏడాది నా పని నేను మార్చుకున్నాను. రికార్డింగు తీసేశాను. బాబాయ్ మోకాళ్ళకి మంచి కుర్చీ, చేతికి జాయ్‌స్టిక్. కంప్యూటర్‌కి కాపలా ఉద్యోగం ఇచ్చాను. తొండం ఫలానా ఎత్తు దాటకూడదు, ఫలానా వేగం మించకూడదు, మొదలయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ కుదుపు ఉండకూడదు. ఆన్-ఆఫ్ వాల్వు బదులు కొంచెం కొంచెంగా తెరుచుకునే ప్రొపోర్షనల్ వాల్వు, తొండం ఎక్కడుందో చెప్పే ఒక సెన్సార్ పెట్టాను. జాయ్‌స్టిక్ మీద చెయ్యి తీస్తే తొండం ఆగాలి. బోర్డే చచ్చిపోయినా ఆగాలి. అందుకు వాల్వు కరెంటుని బోర్డుతో సంబంధం లేని వేరే రిలే మీదుగా తిప్పాను, దాని ఎర్ర బటన్ బాబాయ్ ఎడమచేతి కింద. ఇవన్నీ ఫ్యాక్టరీలో నేను నిద్రలో చేసే పనులు. బొమ్మకి చేయడానికి ఒక తువ్వాలు కింద పడాల్సొచ్చింది.

అంతా పెట్టాక ఇంకో ఘనకార్యం కూడా చేశాను. పంపు మోత పద్యాలకి అడ్డమొస్తోందని కమిటీవాళ్ళు ఎప్పటినుంచో గొణుగుతున్నారు. పొడవాటి గొట్టాలేసి పంపుని గోడ అవతలికి మార్చాను. సెట్టింగంతా నిశ్శబ్దం. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

బాబాయ్ ఓ పది నిమిషాలు ఆడించి జాయ్‌స్టిక్ కింద పెట్టేశాడు.

"ఏమైంది బాబాయ్, మొరాయిస్తోందా?"

"బానే లేస్తోందిరా. కానీ నా చేతికి ఏం తెలియట్లేదు. ఇంతకుముందు తొండానికి ఏదైనా తగిలితే మోటారు మూలిగేది. పిల్లాడెవడన్నా పట్టుకుని వేలాడినా ఆ మూలుగులో తెలిసిపోయేది. ఇప్పుడు కంతలోంచి చూడ్డమే తప్ప..."

కళ్ళకంటే చెవులతోనే ఎక్కువ నడిపేవాడని నాకప్పుడు తెలిసింది. అన్ని సెన్సార్లు పెట్టాను, ఆయన వాడుతున్న సెన్సార్‌ని మాత్రం నేనే గోడ అవతల పారేశాను. ప్రెషర్‌ని కొలిచి జాయ్‌స్టిక్‌లో చిన్న వైబ్రేషన్ ఇవ్వొచ్చని చెప్పబోయాను. ఆయన వినలేదు. ఇద్దరు కుర్రాళ్ళని పిలిచి, రాత్రికి రాత్రి పంపుని మళ్ళీ ఏనుగు వెనక్కి, తన కుర్చీకి మూడడుగుల దూరంలోకి మోయించాడు. కమిటీవాళ్ళకి నేను చెప్పుకున్నాను, గొట్టాలు లీకవుతున్నాయని.